బరువు తగ్గే ఆపరేషన్ అయి రెండేళ్లు దాటాక ఏం చేయాలి, ఎలా చేయాలి

మొదటి ఏడాదికి కావలసిన సూచనలు దాదాపు అందరికీ అందుతాయి. ఎన్ని రోజులు ద్రవాహారం, మెత్తటి ఆహారం ఎప్పటి నుంచి, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి, అన్నీ రాసి ఇస్తారు. ఆ కాగితం ఏడాదికో ఏడాదిన్నరకో అయిపోతుంది. ఆ తర్వాతి సంగతే నన్ను పదే పదే అడుగుతుంటారు. "మూడేళ్లయింది, బాగానే ఉన్నాను. మాత్రలు ఇంకా వేసుకోవాలా?" "ఐదు కిలోలు పెరిగాను, పొట్ట సాగిపోయిందంటారా?" "తిన్న రెండు గంటలకు చేతులు వణుకుతున్నాయి, ఎందుకు?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట ఉంటే మేలని ఇది రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి, పేగుల దారి మార్చే ఆపరేషన్) చేయించుకుని తొమ్మిదేళ్లయింది. మూడో ఏట నేను విటమిన్, ఐరన్ మాత్రలు మానేశాను. మానెయ్యాలని అనుకుని మానలేదు. డబ్బా అయిపోయింది, మళ్లీ కొనలేదు, ఒంట్లో ఏ తేడా తెలియలేదు. ఏడాదిన్నర గడిచాక మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. పని ఒత్తిడి అనుకున్నాను. రక్తపరీక్ష చేయిస్తే ఒంట్లో ఐరన్ నిల్వ దాదాపు ఖాళీ అని తేలింది. ఏమీ కావడం లేదనుకున్న ఆ ఏడాదిన్నరలోనే అదంతా ఖర్చయిపోయింది.

సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు: విటమిన్ బీ12 కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది, అందుకే దాని లోటు రెండు మూడేళ్ల తర్వాత బయటపడుతుంది. కాల్షియం చాలకపోతే శరీరం ఎముకల నుంచి తీసుకుని రక్తంలో సరిపెట్టుకుంటుంది. కాబట్టి "బాగానే ఉంది" అనిపించడాన్ని పరీక్ష ఫలితంగా తీసుకోకండి.

కింద ఇచ్చిన మోతాదులు పెద్దవాళ్లకు సాధారణంగా చెప్పేవి. మీ డాక్టర్ వేరే అంకె చెబితే దాన్నే పాటించండి.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జి సమ్మరీ. లేకపోతే ఆసుపత్రిలో అడిగి కాపీ తీసుకోండి. ఏళ్లు గడిచేకొద్దీ పాత రికార్డులు దొరకడం కష్టమవుతుంది.
- ఒక నోట్‌బుక్ లేదా ఫైలు. రక్తపరీక్షల ఫలితాలు ఏడాదికో వరుస చొప్పున రాసుకోవడానికి.
- బరువు చూసుకునే మిషన్, నడుము కొలిచే టేపు.
- వంటింట్లో తూకం వేసుకునే చిన్న మిషన్. రోజూ అక్కర్లేదు, మూడు నెలలకోసారి ఒక వారం వాడితే చాలు.
- బైపాస్ అయినవాళ్లకు తిన్న తర్వాత చెమటలు, వణుకు వస్తుంటే గ్లూకోమీటర్.
- ఏటా ఒకసారి మిమ్మల్ని చూసే డాక్టర్. సర్జనే అయి ఉండనక్కర్లేదు. మీ ఆపరేషన్ సంగతి తెలిసిన ఫిజీషియన్ అయినా సరే.

1. మీకు జరిగింది ఏ ఆపరేషనో కచ్చితంగా తెలుసుకోండి

"పొట్ట ఆపరేషన్ అయింది" అని మాత్రమే చెప్పగలిగేవాళ్లు నాకు చాలామంది తగిలారు. మిగతా దశలన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి, కాబట్టి రిపోర్టు తీసి చూడండి.

స్లీవ్ అయితే పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, పేగుల దారి మాత్రం మారదు. దీర్ఘకాలంలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఛాతీలో మంట, పులితేన్పులు. మంట లేకపోయినా అన్నవాహిక లోపల దెబ్బతింటూ ఉండవచ్చు. అందుకే ఆపరేషన్ అయిన ఏడాది తర్వాత ఒకసారి, అటుపైన రెండు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకోమని ఇప్పుడు చాలామంది నిపుణులు చెబుతున్నారు. ఇంతవరకు చేయించుకోకపోతే ఈసారి వెళ్లినప్పుడు అడగండి.

బైపాస్ అయితే పొట్ట చిన్న సంచిలా మిగులుతుంది, ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా కిందికి పోతుంది. ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటపట్టేది ఆ భాగంలోనే. కాబట్టి లోపాలు, పొట్టను పేగుకు కలిపిన అతుకు దగ్గర పుండు, డంపింగ్ (ఆహారం ఒక్కసారిగా పేగులోకి పోవడం), లోపలి హెర్నియా (పేగు లోపలి సందులో ఇరుక్కోవడం), ఈ నాలుగూ గుర్తుంచుకోవాలి. మినీ బైపాస్ (పేగును ఒకే చోట అతికే రకం) వాళ్లకూ దాదాపు ఇవే వర్తిస్తాయి. దాటవేసిన పేగు పొడవు ఎక్కువైతే ప్రొటీన్, ఐరన్ లోటు ఇంకా ఎక్కువ, పైగా పైత్యరసం పైకి తన్నే అవకాశమూ ఉంది.

డ్యుయోడినల్ స్విచ్ (స్లీవ్ చేసి, పేగులో ఎక్కువ భాగాన్ని దాటవేసే ఆపరేషన్) అయినవాళ్లకు ఏ, డీ, ఈ, కే విటమిన్లు, ప్రొటీన్ బాగా తగ్గుతాయి. వాళ్లు కింది మోతాదులు పాటించకుండా విడిగా రాయించుకోవాలి. బ్యాండ్ (పొట్ట పైభాగం చుట్టూ బిగించే పట్టీ) ఉన్నవాళ్లకు మింగడం కష్టమైనా, రాత్రిపూట తిన్నది పైకి వస్తున్నా బ్యాండ్ జారిందేమో చూపించుకోవాలి.

2. మాత్రలకు టైంటేబుల్ వేసుకోండి

ఇవి జీవితాంతం వేసుకోవలసినవి. "మంచి తిండి తింటున్నాను కదా" అనేది ఇక్కడ పనికిరాదు. మీరు తినేది సరిపోయినా, ఒంటపట్టే దారి మారిపోయింది.

స్లీవ్, బైపాస్ వాళ్లకు సాధారణంగా రోజుకు కావలసినవి:

- మల్టీవిటమిన్. ఇందులో జింక్, రాగి, థయమిన్ (బీ1), ఫోలిక్ యాసిడ్ ఉన్నాయో లేదో లేబుల్ చూడండి. థయమిన్ కనీసం 12 మిల్లీగ్రాములు ఉండాలి.
- బీ12: నోటితో అయితే రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, లేదా నెలకు 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్.
- కాల్షియం: తిండిలో వచ్చేదీ కలుపుకుని 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు.
- విటమిన్ డీ: సాధారణంగా 3000 యూనిట్లతో మొదలుపెట్టి, రక్తంలో స్థాయి మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటేలా సరిచేస్తారు.
- ఐరన్: నెలసరి వచ్చే స్త్రీలకు, బైపాస్ అయినవాళ్లకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు. స్లీవ్ అయి, రక్తహీనత లేని పురుషులకు 18 సరిపోవచ్చు.

తప్పులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

కాల్షియం, ఐరన్ కలిపి వేసుకోకూడదు. ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. మధ్యలో కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. ఐరన్‌ను టీ, కాఫీ, పాలతో మింగకండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లయితే దానికీ, ఈ రెండింటికీ మధ్య నాలుగు గంటలు వదలండి.

కాల్షియం మొత్తం ఒకేసారి వేసుకున్నా ఉపయోగం లేదు. ఒక విడతలో 500, 600 మిల్లీగ్రాములకు మించి ఒంటపట్టదు. రెండు మూడు విడతలుగా పంచుకోండి. కాల్షియం సిట్రేట్ అయితే తిన్నా తినకపోయినా పనిచేస్తుంది. కార్బొనేట్‌కు పొట్టలో ఆమ్లం కావాలి, దాన్ని భోజనంతోనే వేసుకోవాలి. బైపాస్ అయినవాళ్లకు, గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకు సిట్రేట్ మెరుగు.

లేబుల్ మీద పెద్దగా కనిపించే అంకె చూసి మోసపోవద్దు. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ మాత్రలో అసలు కాల్షియం 500 మాత్రమే. 325 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్‌లో అసలు ఐరన్ 65. "ఎలిమెంటల్" అని విడిగా రాసి ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి.

జుట్టు రాలుతోందని సొంతంగా జింక్ మాత్రలు నెలల తరబడి వేసుకునేవాళ్లున్నారు. జింక్ ఎక్కువైతే రాగి తగ్గిపోతుంది. రాగి తగ్గితే పాదాలు తిమ్మిరెక్కుతాయి, నడకలో తూలు వస్తుంది, అచ్చం బీ12 లోటులాగే ఉంటుంది. విడిగా జింక్ వాడితే ప్రతి 8 నుంచి 15 మిల్లీగ్రాములకు ఒక మిల్లీగ్రాము రాగి ఉండాలి. అలాగే ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువగా వేసుకుంటే రక్తహీనత సర్దుకుని, బీ12 లోటు వల్ల నరాలకు జరిగే నష్టం బయటపడకుండా సాగిపోతుంది.

నేను పాటించే టైంటేబుల్ ఇది: ఉదయం లేవగానే ఐరన్, పది గంటలకు కాల్షియం ఒక విడత, మధ్యాహ్నం భోజనంతో మల్టీవిటమిన్, డీ, సాయంత్రం కాల్షియం రెండో విడత. మిగతా కాల్షియం తిండిలో వచ్చేలా చూసుకుంటాను. ఐరన్ పడక కడుపులో వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందుకు మార్చుకోండి, లేదా రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి. అదీ సరిపోకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. మానేయడం మాత్రం దారి కాదు.

డబ్బా సగానికి రాగానే కొత్తది తెప్పించుకోండి. నా ఏడాదిన్నర పోయింది సరిగ్గా అక్కడే.

3. ఏటా ఒకే నెలలో రక్తపరీక్షలు చేయించుకోండి

పుట్టినరోజు ఉన్న నెలో, ఆపరేషన్ అయిన నెలో, ఒకటి పెట్టుకోండి. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు చేస్తారు. ఆ తర్వాత ఏడాదికోసారి, ఏ లక్షణమూ లేకపోయినా సరే.

డాక్టర్‌కు చూపించాల్సిన జాబితా: పూర్తి రక్త కణాల పరీక్ష, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ చూపేది), బీ12, ఫోలేట్, విటమిన్ డీ, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ (రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసేది), అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), కాలేయం, కిడ్నీ పరీక్షలు, కొలెస్ట్రాల్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్). బైపాస్ వాళ్లకు జింక్, రాగి, విటమిన్ ఏ కూడా. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ రెండేళ్ల దగ్గర ఒకసారి చేయించుకోవడం మంచిది.

మామూలు హెల్త్ చెకప్ ప్యాకేజీ చాలదు. వాటిలో చాలావరకు హీమోగ్లోబిన్ ఉంటుంది, ఫెరిటిన్ ఉండదు. ఐరన్ తగ్గేటప్పుడు ముందు పడేది ఫెరిటిన్. హీమోగ్లోబిన్ పడేసరికి ఆలస్యమైపోయినట్టే.

ఫలితాలు ఇలా చూసుకోండి:

మొదట, ఈ ఏడాది అంకెను పోయిన ఏడాది అంకెతో పోల్చండి. "నార్మల్" అని పక్కన రాసి ఉన్నా, ఫెరిటిన్ 80 నుంచి 45కు, ఆపైన 22కు వస్తుంటే అది జారుతున్నట్టే. నోట్‌బుక్ పెట్టుకోమన్నది ఇందుకే.

కాల్షియం సరిగ్గా ఉండి పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగితే, చాలావరకు ఎముకల నుంచి కాల్షియం లాగుతున్నట్టు అర్థం. విటమిన్ డీ, కాల్షియం మోతాదు మార్చాలేమో అడగండి.

జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది. అప్పుడు చేయించిన పరీక్షను నమ్ముకోవద్దు, కోలుకున్నాక మళ్లీ చేయించండి. జుట్టు కోసం బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే థైరాయిడ్, గుండె పరీక్షలు కూడా తప్పుగా రావచ్చు. రెండు మూడు రోజుల ముందే ఆపేసి, వాడిన సంగతి ల్యాబ్‌లో చెప్పండి.

షుగర్ జబ్బు తగ్గిపోయినవాళ్లు హెచ్‌బీఏ1సీ, కంటి రెటీనా పరీక్ష మానకూడదు. ఏళ్ల తర్వాత షుగర్ తిరిగి వచ్చే అవకాశం ఉంది.

4. తిండి: ప్రొటీన్ ముందు, నీళ్లు విడిగా

రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్లు, చేపలు, మాంసం, పాలు, పెరుగు, పప్పుధాన్యాలు, సోయా, ఏది పడితే అది. పళ్లెంలో ముందు వాటిని తినండి, తర్వాత కూరగాయలు, చోటు మిగిలితే పిండిపదార్థాలు. ఈ వరుస తిరగేస్తే ప్రొటీన్ దగ్గరికి వచ్చేసరికి కడుపు నిండిపోతుంది.

తినేటప్పుడు తాగకండి. భోజనమయ్యాక అరగంట ఆగి తాగండి. రోజు మొత్తానికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు అందాలి. బైపాస్ తర్వాత కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి నీళ్లలో పొదుపు వద్దు. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టు.

మూడు నెలలకోసారి ఒక వారం పాటు తిన్నదంతా తూచి రాయండి. ప్రొటీన్ 70 గ్రాములు తింటున్నాననుకుని 40 దగ్గర ఆగిపోయినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

5. తిన్నాక ఒళ్లు తేలిపోతుంటే

ఇది రెండు రకాలు, రెంటినీ కలిపేయకండి.

తిన్న 10 నిమిషాల నుంచి గంటలోపు గుండెదడ, కడుపులో మెలి, విరేచనం, పడుకోవాలనిపించడం. ఇది డంపింగ్. తీపి, పలుచటి ఆహారం ఒక్కసారిగా పేగులోకి దూకడం వల్ల వస్తుంది. తీపి తగ్గించి, నెమ్మదిగా, కొంచెం కొంచెంగా తింటే చాలామందికి అదుపులోకి వస్తుంది.

తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వణుకు, చెమట, తికమక, కళ్లు బైర్లు కమ్మడం. ఇది రక్తంలో షుగర్ పడిపోవడం. ఎక్కువగా బైపాస్ వాళ్లలో, ఆపరేషన్ అయిన ఏడాది దాటాకే మొదలవుతుంది. అందుకే చాలామంది దీన్ని ఆపరేషన్‌తో ముడిపెట్టరు, టెన్షన్ అనుకుంటారు.

అప్పుడు ఇలా చేయండి:

అ. వీలైతే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకోండి. మీటర్ చేతిలో లేకపోతే ఆగకుండా గ్లూకోజ్ తీసుకోండి.

ఆ. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పెరగకపోతే ఇంకో 15 గ్రాములు.

ఇ. సర్దుకోగానే కొంచెం ప్రొటీన్ ఉన్న చిరుతిండి తినండి. ఇది వదిలేసి తీపితోనే ఆపితే, ఆ తీపి వల్లే గంటన్నరలో మళ్లీ పడిపోతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

ఈ. ఆ సమయంలో బండి నడపకండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు, అంబులెన్స్ పిలవాలి. ఈ మాట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఏం తిన్నారు, ఎన్ని నిమిషాలకు వచ్చింది, షుగర్ ఎంత, ఈ మూడూ రెండు వారాలు రాసి డాక్టర్‌కు చూపించండి. తిండి మార్చినా ఆగకపోతే దీనికి మందులున్నాయి.

6. బరువు మళ్లీ పెరుగుతుంటే

ఎక్కువ బాధతో అడిగే ప్రశ్న ఇదే కాబట్టి ముందు ఒక లెక్క చెబుతాను. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనం ఆపరేషన్ అయినవాళ్లను ఏళ్ల తరబడి గమనించింది. బైపాస్ అయినవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం తగ్గారు. పదేళ్ల దగ్గర ఆ తగ్గుదల 25 శాతంగా నిలిచింది. అంటే 120 కిలోల మనిషి 82 దాకా దిగి, పదేళ్లకు 90 దగ్గర ఉంటే అది సగటు. అది ఓటమి కాదు, మీ తప్పూ కాదు. అతి తక్కువ బరువు చూసిన రోజునే గీటురాయిగా పెట్టుకుంటే జీవితాంతం అపరాధభావమే మిగులుతుంది. ఏడాది పాటు నిలకడగా ఉన్న బరువును లెక్కకు పెట్టుకోండి.

వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే సమయంలో తూచుకోండి. రోజూ తూచుకుంటే నీటి హెచ్చుతగ్గులకే కంగారుపడతారు. అసలు తూచుకోకపోతే పదిహేను కిలోలు పెరిగాక తెలుస్తుంది. నిలకడ బరువు మీద నాలుగైదు కిలోలు పెరిగి రెండు నెలలు అలాగే ఉంటే కింది వరుసలో చూడండి:

మందులు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, డిప్రెషన్‌కు, మూర్ఛకు వాడే కొన్ని మాత్రలు బరువు పెంచుతాయి. సొంతంగా ఆపకుండా, ప్రత్యామ్నాయం ఉందా అని అడగండి. థైరాయిడ్ కూడా చూపించుకోండి.

కొంచెం కొంచెంగా రోజంతా తినడం. ఒక్కసారి ఎక్కువ తినలేరు కాబట్టి పొట్ట బాగానే ఉందనిపిస్తుంది, కానీ గంటకోసారి నాలుగు బిస్కెట్లు అడ్డేమీ లేకుండా దిగిపోతాయి. ఆపరేషన్ దీన్ని ఆపలేదు. భోజనాలకు టైం పెట్టుకుని, మధ్యలో నోరు మూసి ఉంచడం ఒక్కటే నాకు పనిచేసింది.

తాగే కేలరీలు. తీపి కాఫీ, పళ్లరసాలు, కూల్‌డ్రింకులు, మద్యం.

నిద్ర, ఒత్తిడి. వీటి గురించి ఏడో దశ తర్వాత చెబుతాను.

ఇవన్నీ చూశాక కూడా పెరుగుతుంటే సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఎండోస్కోపీతోనో ఎక్స్‌రేతోనో లోపల ఎలా ఉందో చూస్తారు. ఇప్పుడు సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ లాంటి బరువు తగ్గించే మందులను ఆపరేషన్ తర్వాత కూడా వాడుతున్నారు. కొందరికి రెండో ఆపరేషన్ అవసరమవుతుంది. మందు వాడాల్సి వస్తే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఊబకాయం తిరిగి వచ్చే స్వభావం ఉన్న జబ్బు.

"పొట్టను మళ్లీ చిన్నది చేసే ఐదు రోజుల ద్రవాహారం" లాంటివి చేయకండి. ద్రవాలతో పొట్ట పరిమాణం మారదు. ఐదు రోజుల్లో పోయింది నీళ్లూ కండా, ఆరో రోజు తిరిగి వస్తుంది.

7. వేసుకోకూడనివి, తాగకూడనివి

ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు బైపాస్ అయినవాళ్లకు నిషిద్ధమని అనుకోండి. అతుకు దగ్గర పుండు పడి రక్తం కారవచ్చు, చిల్లు పడవచ్చు. ఎన్నేళ్లయినా ఈ నియమం పోదు. నొప్పికి పారాసెటమాల్ వాడండి. జలుబు మాత్రల్లో, నడుంనొప్పి మాత్రల్లో ఇవి కలిపి ఉంటాయి, కాబట్టి లేబుల్ చదవకుండా ఏదీ మింగకండి. గుండె కోసం యాస్పిరిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి, పొట్టకు రక్షణగా ఏం వాడాలో అడగండి.

పొగతాగడం కూడా అదే పుండుకు దారి.

మద్యం విషయంలో తేడా పెద్దది. ఆపరేషన్ తర్వాత అదే గ్లాసు త్వరగా, ఎక్కువగా రక్తంలోకి వెళ్తుంది, దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. ముఖ్యంగా బైపాస్ తర్వాత రెండో ఏడాది నుంచి మద్యానికి అలవాటు పడేవాళ్ల సంఖ్య పెరుగుతుందని అధ్యయనాల్లో తేలింది, అంతకుముందు ఏ సమస్యా లేనివాళ్లలో కూడా. తిండితో తీరే బాధ వేరే దారి వెతుక్కుంటుంది. వారంలో ఎన్నిసార్లు తాగుతున్నారో నిజాయితీగా రాసుకోండి. పెరుగుతుంటే వెంటనే సహాయం అడగండి.

నిదానంగా కరిగేలా చేసిన మాత్రలు కొన్ని బైపాస్ తర్వాత సరిగా పనిచేయవు. కొత్త డాక్టర్ ఏ మందు రాసినా మీ ఆపరేషన్ పేరు చెప్పండి. బీపీ, షుగర్ మాత్రల మోతాదు బరువుతోపాటు మారాలి. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే బీపీ మాత్ర ఎక్కువైందేమో చూపించుకోండి.

8. మనసు సంగతి

నిద్రపట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, అద్దంలో కనిపించే మనిషి ఇంకా పాత బరువులోనే ఉన్నట్టు అనిపించడం, వదులైన చర్మం చూసి కుంగిపోవడం, దాంపత్యంలో మార్పులు. బరువు తగ్గాక అంతా బాగుండాలి కదా అని వీటిని ఎవరికీ చెప్పుకోరు. ఆపరేషన్ తర్వాత కొందరిలో డిప్రెషన్ తిరగబెడుతుంది, తమకు తాము హాని చేసుకునే ప్రమాదం కూడా పెరుగుతుంది. రెండు వారాలకు మించి మనసు బాగోకపోతే డాక్టర్‌కు చెప్పండి. బతకాలని లేదనిపిస్తే ఆ రోజే, ఆ గంటలోనే దగ్గరివాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

ఏటా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే కాగితంలో రక్తపరీక్షల పక్కన "మనసు, నిద్ర" అని ఒక గడి పెట్టుకోండి. రాసి ఉంటే చెప్పడం తేలికవుతుంది.

చర్మం తీయించుకునే ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటే బరువు కనీసం ఆరు నెలలైనా కదలకుండా ఉండాలి, ప్రొటీన్, ఐరన్ సరిపోవాలి. లేకపోతే గాయం మానదు.

9. కండ, ఎముక

వారానికి 150 నిమిషాలు వేగంగా నడవండి. దానికి తోడు రెండు మూడు రోజులు బరువులతోనో, రబ్బరు బ్యాండుతోనో వ్యాయామం చేయండి. నడక ఒక్కటే చాలదు. బైపాస్ తర్వాత ఎముకలు విరిగే అవకాశం పెరుగుతుంది, కండరాన్ని పనిచేయించే వ్యాయామమే ఎముకను నిలబెడుతుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా అని నెలకోసారి చూసుకోండి.

10. పిల్లలు కావాలనుకునేవాళ్లకు

బరువు తగ్గాక అనుకోకుండా గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. బైపాస్ అయినవాళ్లు గర్భనిరోధక మాత్రలను నమ్ముకోకుండా వేరే పద్ధతి అడగండి. గర్భం వచ్చిందని తెలియగానే విటమిన్లు మార్పించుకోండి, ఎందుకంటే విటమిన్ ఏ బీటా కెరోటిన్ రూపంలో ఉండాలి, రెటినాల్ ఎక్కువైతే బిడ్డకు హాని. గర్భంలో షుగర్ చూడటానికి గ్లూకోజ్ నీళ్లు తాగిస్తారు. బైపాస్ అయినవాళ్లకు దాంతో డంపింగ్ రావచ్చు. దానికి బదులు వారం పాటు ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసుకోవచ్చా అని ముందే అడగండి.

11. ఆగకుండా ఆసుపత్రికి వెళ్లవలసినవి

- పొట్టలో తెరలు తెరలుగా వచ్చి పోయే తీవ్రమైన నొప్పి, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు. పేగు లోపలి సందులో ఇరుక్కుని ఉండవచ్చు. ఇది ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత కూడా వస్తుంది. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోయినా నొప్పి తగ్గకపోతే, బేరియాట్రిక్ సర్జన్ (బరువు తగ్గే ఆపరేషన్లు చేసే డాక్టర్) చూడాలని పట్టుబట్టండి.
- నల్లటి విరేచనం, రక్తపు వాంతి.
- కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం. పిత్తాశయంలో రాళ్లు కావచ్చు.
- రెండు మూడు రోజులు ఆగని వాంతులు. ఇది చిన్న విషయంగా కనిపించే పెద్ద ప్రమాదం. థయమిన్ నిల్వలు కొన్ని వారాలకు మించి ఉండవు. అవి అయిపోతే చూపు రెండుగా కనిపించడం, తూలడం, తికమక మొదలై మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

చివరి విషయం అన్ని ఎమర్జెన్సీ గదుల్లో వెంటనే గుర్తుకు రాకపోవచ్చు. అందుకే చిన్న కార్డు రాసి పర్సులో ఒకటి, ఫోన్ కవర్ వెనక ఒకటి పెట్టుకోండి. నా కార్డులో ఉన్నది ఇది, మీ వివరాలకు తగ్గట్టు మార్చుకుని రాసుకోండి:

"నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది. తేదీ: ____. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఇవ్వవద్దు. ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టాన్ని లోపల చూడకుండా గుడ్డిగా వేయవద్దు. వాంతులతో వచ్చి ఉంటే గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇవ్వండి. కడుపునొప్పి ఉంటే లోపలి హెర్నియా అనుమానించి బేరియాట్రిక్ సర్జన్‌ను పిలవండి. వాడుతున్న మందులు: ____. ఇంటివాళ్ల ఫోన్: ____."